నీటిలో చలి, ఒంటిమీద తొడుగు

2025 సంక్రాంతికి మా ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పందాలు జరిగాయి. గట్టు మీద జనం మధ్య నిలబడి చూస్తూండగా మా మేనల్లుడు హఠాత్తుగా అడిగాడు: "మావయ్యా, మంచి వెట్‌సూట్ ఎంతలో దొరుకుతుందంటారు?" విశాఖ రుషికొండ తీరంలో స్కూబా డైవింగు నేర్చుకోవాలని వాడి కోరిక. సెల్‌ఫోనులో నాలుగు సూట్ల బొమ్మలు చూపించాడు. నాలుగూ నల్లగానే ఉన్నాయి, ఒకదానికొకటి కవలల్లాగా. ధరలు మాత్రం ఒకటికి మూడింతల తేడాతో ఉన్నాయి. చవకది కొంటే సరిపోదా, ఖరీదైన దానిలో ఉన్న గొప్పేమిటి అన్నది వాడి సందేహం.

ఆ పూట నాకు జవాబు తెలియలేదు. తరువాత కొన్నాళ్ళు ఆ తొడుగు పుట్టుపూర్వోత్తరాలు చదివాను. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఆ ధరల్లోని ప్రతి తేడా వెనుకా ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే దుకాణంలో మోసపోనక్కరలేదు. వాడికి చెప్పిన సంగతులనే కాస్త వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మా గోదావరి మాట. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టకు శ్రీకారం చుట్టి 1852 నాటికి పూర్తి చేయించాడు. ఆ ఆనకట్ట పుణ్యమా అని మధ్య డెల్టాకు కాలువలు వచ్చాయి. మా ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి నడక వచ్చిన తరువాత వచ్చే విద్య ఈత. అయినా ఈత వేరు, మునక వేరు. మునకను వృత్తిగా చేసుకున్నవారు ఈ నది మీద ఉన్నారు. ఇసుక పడవలవారు. పడవను ఏటి మధ్యన నిలిపి, వెదురు గెడ ఆధారంగా అడుగుకు దిగి, బకెట్టుతో ఇసుక తోడి పైకి తెస్తారు. పడవ నిండేదాకా అలా ఎన్ని మునకలో లెక్క ఉండదు. ఊపిరి బిగబట్టడమే వారి యంత్రం, గోచీయే వారి సూటు.

చిన్నప్పుడు మాఘమాసపు పొద్దున్నే ఏటిగట్టున అలాంటి పెద్దాయన ఒకరు చలిమంట దగ్గర కూర్చుని వణుకుతూండగా చూశాను. పెదవులు నీలంగా ఉన్నాయి. చేతిలో టీ గ్లాసు నిలవడం లేదు. చలి వేయదా అని అడిగితే ఆయన నవ్వి, "నీళ్ళలో ఉన్నప్పుడు తెలీదు బాబూ, పైకొచ్చాకే తెలుస్తది" అన్నాడు. ఆ మాటను నేను చాలా ఏళ్ళు ధైర్యం కింద లెక్కవేశాను. అందులో శరీరధర్మం కూడా ఉందని ఇప్పుడు తెలిసింది. నీరు గాలి కన్నా సుమారు ఇరవై అయిదు రెట్లు ఎక్కువగా వేడిని తనలోకి లాక్కుంటుంది. ఇరవై అయిదు డిగ్రీల గాలిలో మనం చొక్కా విప్పుకుని హాయిగా కూర్చుంటాం. అదే ఇరవై అయిదు డిగ్రీల నీటిలో గంటసేపు ఉంటే ఒళ్ళు వణుకుతుంది. పనిలో ఉన్న కండరం తాత్కాలికంగా ఆ నష్టాన్ని కప్పిపెడుతుంది. పని ఆగిన క్షణాన శరీరం లెక్క చెబుతుంది. తడి ఒంటి మీద గాలి తగిలితే ఆ లెక్క మరీ పెరుగుతుంది.

ఈ నష్టాన్ని ఆపడానికి మనిషి చాలాకాలం రెండే దారులు వెతికాడు. ఒకటి జిడ్డు. 1875లో ఇంగ్లీషు చానల్‌ను ఈదిన కెప్టెన్ మాథ్యూ వెబ్ ఒంటికి పోర్పాయిస్ అనే సముద్రజీవి కొవ్వు పూసుకుని దిగాడు. కొవ్వుపూత వల్ల ఒరుపు తగ్గుతుంది, ఉప్పునీటి నుంచి చర్మానికి కాస్త రక్షణ దొరుకుతుంది. చలిని ఆపే శక్తి మాత్రం దానికి స్వల్పమే. రెండవ దారి నీటిని అసలు ఒంటికి తగలనివ్వకపోవడం. 1823లో చార్లెస్ మాకింటాష్ రెండు బట్టల నడుమ రబ్బరు పొర అతికించి నీరు చొరని గుడ్డకు పేటెంటు తీసుకున్నాడు. జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఆగస్టస్ సీబే 1837లో శిరస్త్రాణాన్ని నిలువెత్తు దుస్తులకు బిగించి మూసివేసిన డైవింగు తొడుగు తయారుచేశాడు. పైనుంచి గొట్టం ద్వారా గాలి, కాళ్ళకు సీసపు బూట్లు, లోపల ఉన్ని బట్టలు. రేవుల్లో, వంతెనల పునాదుల్లో వందేళ్ళకు పైగా పని చేసింది ఇలాంటి దుస్తులే.

దీనిలో చిక్కు ఒక్కటే. పొడిగా ఉంటేనే వెచ్చదనం. ఎక్కడైనా చిన్న చిరుగు పడిందా, లోపలి ఉన్ని తడిసి ముద్దయి, రక్షణ మొత్తం పోతుంది. పైగా ఆ వేషంతో అడుగున నడవవచ్చునేగాని చేపలా ఈదడం కుదరదు. 1943లో ఫ్రాన్సులో ఝాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్‌ను తయారుచేశాక పరిస్థితి మారిపోయింది. వీపున గాలి సిలిండరు తగిలించుకుని స్వేచ్ఛగా ఈదే మనిషి వచ్చాడు. గాలికి బెంగ తీరింది. చలికి తీరలేదు.

* * *

ఆ బెంగ తీర్చిన సరుకు పుట్టుక మరొక కథ. అమెరికాలోని నోట్రడామ్ విశ్వవిద్యాలయంలో జూలియస్ న్యూలాండ్ అనే మతగురువు రసాయనశాస్త్రం చెప్పేవాడు. ఎసిటిలీన్ వాయువు మీద ఆయనకు మక్కువ. ఎసిటిలీన్ మనకు కొత్తది కాదు. వెల్డింగు షెడ్డులో మండేది అదే. కార్బైడు ముక్క మీద నీళ్ళు పడితే వచ్చేది అదే. మామిడికాయలను దొంగతనంగా మగ్గబెట్టడానికి కార్బైడు వాడి మన వ్యాపారులు దానికి చెడ్డపేరు కూడా తెచ్చారు. ఆ కార్బైడుకు మూలం సున్నపురాయి. న్యూలాండ్ పరిశోధన ఆధారంగా డూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం పనిచేసింది. 1930 ఏప్రిల్‌లో ఆ బృందంలోని ఆర్నల్డ్ కాలిన్స్ చేతిలో రబ్బరులా సాగే ఒక కొత్త ముద్ద తయారయింది. 1931లో డ్యూప్రీన్ అన్న పేరుతో ప్రపంచానికి తెలిసిన ఆ పదార్థమే తరువాత నియోప్రీన్ అయింది. నూనెకు, ఎండకు సహజ రబ్బరు కన్నా బాగా తట్టుకుంటుంది. దానిని నురగలా పొంగించి, లోపల లక్షల సూక్ష్మమైన బుడగలలో వాయువును బంధించగలిగారు. ఆ బుడగలు ఒకదానితో ఒకటి కలవవు. కాబట్టి మామూలు స్పాంజిలా అది నీళ్ళు పీల్చదు.

ఆ నురగను ఒంటికి తొడిగిన ఆలోచన ఒక భౌతికశాస్త్రజ్ఞుడిది. హ్యూ బ్రాడ్నర్, రెండవ ప్రపంచయుద్ధకాలంలో లాస్ ఆలమోస్‌లో పనిచేసి, తరువాత బర్క్‌లీకి వచ్చాడు. అమెరికా నౌకాదళపు ఈతగాళ్ళ కష్టాలు ఆయన దృష్టికి వచ్చాయి. అందరూ పొడి కోసం తంటాలు పడుతుంటే ఆయన ప్రశ్నను తిరగవేశాడు. వెచ్చగా ఉండాలంటే పొడిగా ఉండనక్కరలేదు, వేడిని ఆపే పదార్థం ఒంటి చుట్టూ ఉంటే చాలు, లోపలికి కొద్దిగా నీరు వచ్చినా నష్టం లేదు. 1951 జూన్ 21 తేదీతో ఒక సహశాస్త్రజ్ఞుడికి రాసిన ఉత్తరంలో ఈ సూత్రం కనిపిస్తుంది. నురగ నియోప్రీన్ వాడమన్న సలహా విల్లర్డ్ బాస్కమ్ అనే సముద్ర ఇంజనీరుది. నౌకాదళం పెద్దగా ఉత్సాహం చూపలేదు. తొడుగులోని వాయుబుడగల వల్ల శత్రువుల సోనార్‌కు ఈతగాళ్ళు దొరికిపోతారేమోనని సందేహించింది. బ్రాడ్నర్‌కు పేటెంటు కూడా దక్కలేదు.

దక్కకపోవడం వల్లనే కాబోలు, ఆ విద్య నలుగురికీ పంచినట్టయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1952లో సర్ఫింగు దుకాణం తెరిచిన జాక్ ఓనీల్, దక్షిణ కాలిఫోర్నియాలో బిల్, బాబ్ మైస్ట్రెల్ అనే కవల సోదరులు వెట్‌సూట్లను వ్యాపారంగా నిలబెట్టారు. మొదటిది కుట్టింది మేమేనని ఆ పేర్ల చుట్టూ చాలాకాలం వాదులాట నడిచింది. స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో పాత ఉత్తరాలు తిరగవేసి 1998లో రాసిన పరిశోధన పత్రం ఆ గౌరవాన్ని బ్రాడ్నర్‌కు ఇచ్చింది. ఆయన 2008లో కన్నుమూశాడు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. వెట్‌సూట్‌లోకి చేరిన నీటిని ఒంటివేడి వెచ్చబెడుతుంది, ఆ వెచ్చని నీరే మనను కాపాడుతుంది అని చాలామంది చెబుతారు. అది సగం నిజం. కాపాడేది బుడగల్లోని వాయువు. లోపలి నీరు చేయవలసిన పనల్లా కదలకుండా ఉండడం. మా ఊరి పూతరేకును గుర్తు చేసుకోండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట వేసి, పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి ఆనించి లాగితే రేకు వస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయి నోట్లో అలా కరగడానికి కారణం పొరల నడుమ చిక్కుకున్న గాలే. రేకులను గట్టిగా నొక్కి చూడండి, గాలి పోయి అట్టముక్క అవుతుంది. వెట్‌సూట్ సంగతీ అంతే. లోతుకు దిగిన కొద్దీ నీటి ఒత్తిడికి బుడగలు కుంచించుకుపోతాయి, తొడుగు పలచబడుతుంది, చలి పెరుగుతుంది. ఏళ్ళ తరబడి అలా నలిగిన సూటు గట్టు మీద కూడా పలచగానే ఉండిపోతుంది. పాత సూటు కొనేవారు మరచిపోకూడని మాట ఇది.

* * *

మన తీరంలో మునకల చరిత్ర చిన్నదేమీ కాదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది ఘాజీయేనని నిర్ధారించడానికి మన నౌకాదళపు డైవర్లు బంగాళాఖాతం అడుగుకు దిగారు. ఆ పనిలో తోడ్పడిన నిస్తార్ నౌక పేరునే, విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన కొత్త డైవింగు సహాయ నౌకకు పెట్టి 2025 జూలై 18న నౌకాదళంలో చేర్చారు.

మా గోదావరికి మరచిపోలేని మునక 2019 నాటిది. ఆ సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. పడవలో ఉన్నవారు 77 మంది, బ్రతికి బయటపడినవారు 26 మంది. అప్పటికి నదిలో సుమారు అయిదు లక్షల క్యూసెక్కుల వరద. మునిగిన చోట రెండు వందల అడుగులకు పైగా లోతు ఉందన్నారు. సరదాకు చేసే స్కూబాకు గరిష్ఠ పరిమితి నలభై మీటర్లు, అంటే నూట ముప్ఫై అడుగులు. ఎర్రనీటిలో చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, ఇనుప తాళ్ళతో రోజుల తరబడి ప్రయత్నించింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీట మునిగి తాళ్ళు బిగించారు. అక్టోబరు 22న పడవ ఒడ్డుకు చేరింది. అప్పటికి ముప్ఫై ఏడు రోజులు గడిచాయి. తమవారి చివరి చూపు కోసం గట్టున కాచుకున్న కుటుంబాలకు ఆ డైవర్లు చేసిన మేలు డబ్బుతో కొలిచేది కాదు. నీటి అడుగున మనిషి ఎంతసేపు నిలవగలడు, వణకని వేళ్ళతో ముడి వేయగలడా లేదా అన్నది కొన్ని చోట్ల సరదా ప్రశ్న కాదని చెప్పడానికే ఈ సంగతి రాశాను.

* * *

ఇక మేనల్లుడి ప్రశ్న. మంచి ధరకు మంచి సూటు ఎలా ఎంచుకోవాలి?

మొదటిది మందం. ఇది దిగబోయే నీటిని బట్టి ఉండాలి, చేతిలో ఉన్న డబ్బును బట్టి కాదు. నీరు ఇరవై తొమ్మిది డిగ్రీలు దాటితే పలుచని లైక్రా చొక్కా లేదా ఒకటి రెండు మి.మీ. తొడుగు చాలు. ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిది వరకు 3 మి.మీ., అంతకు దిగువన ఇరవై ఒకటి దాకా 5 మి.మీ., ఇంకా చల్లనైతే 7 మి.మీ. స్థూలంగా ఇదీ వాడుక. మన విశాఖ తీరానికి ఏడాదిలో ఎక్కువ కాలం 3 మి.మీ. నిలువు సూటు సరిపోతుంది. చలికాలంలో ఎక్కువసేపు మునిగేవారు, తొందరగా చలి వేసేవారు 5 మి.మీ. ఆలోచించాలి. 7 మి.మీ. సూటు సగం ధరకే వస్తోందని ఇక్కడ కొనడం తెలివితక్కువ. మన ఎండలో పడవ మీద అది తొడుక్కుని కూర్చుంటే నీళ్ళలో దిగకముందే వడదెబ్బ తగులుతుంది. మందం పెరిగిన కొద్దీ తేలేగుణం పెరుగుతుంది, దాన్ని ముంచడానికి నడుముకు మరింత సీసం కట్టుకోవాలి.

రెండవది అమరిక. బ్రాడ్నర్ సూత్రంలోనే దీని కీలకం ఉంది. లోపలి నీరు కదలకూడదు. నడుము వెనుక, చంకల కింద, మెడ దగ్గర ఖాళీ ఉంటే ప్రతి కదలికకూ చన్నీరు లోపలికి వచ్చి వెచ్చని నీటిని తోసేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన సూటైనా చిల్లుకుండే. దుకాణంలో తొడిగినప్పుడు కాస్త బిగుతుగా ఉండాలి, నీటిలో అది కొద్దిగా వదులవుతుంది. అయితే గుండెనిండా ఊపిరి పీల్చగలగాలి, చేతులు తలపైకి ఎత్తగలగాలి. చొక్కా కొలత చూసి ఇంటర్నెట్‌లో తెప్పించుకోవద్దు. ఒంటికి అమరిన చవక సూటు, అమరని ఖరీదైన సూటు కన్నా వెచ్చన.

మూడవది కుట్టు. ధరల తేడా ఎక్కువగా దాక్కునేది ఇక్కడే. అంచులు కలిపి సాదాగా వేసిన ఓవర్‌లాక్ కుట్టు చవక, లోపల ఒరుసుకుంటుంది. ఫ్లాట్‌లాక్ కుట్టు చదునుగా ఉండి ఒరుసుకోదు, కాని సూది గుడ్డను అటూ ఇటూ పొడవడం వల్ల కొద్దిగా నీరు వస్తుంది. మన వెచ్చని నీటికి అదేమీ లోపం కాదు. అంచులను జిగురుతో అతికించి, సూది రెండవ వైపుకు దిగకుండా వేసే బ్లైండ్ కుట్టు ఖరీదైనది. అది చలిదేశాల అవసరం. రుషికొండ కోసం దానికి డబ్బు పోయడం, కోనసీమలో ఉన్ని కోటు కుట్టించుకోవడం లాంటిది.

నాలుగవది లోపలి గుడ్డ. తొలినాటి సూట్లకు గుడ్డ ఉండేది కాదు. పౌడరు చల్లుకుని తొడుక్కునేవారు, గోరు తగిలితే చిరిగేవి. తరువాత నైలాను పొర అతికించడం వచ్చింది. రెండు వైపులా గుడ్డ ఉన్నదే నేర్చుకునేవారికి మేలు. విశాఖ రాళ్ళకు పట్టి ఉండే ఆల్చిప్పల పదునుకు, జెల్లీచేపల స్పర్శకు కూడా అదే రక్షణ. మోకాళ్ళ దగ్గర అదనపు అతుకు ఉందో లేదో చూసుకోవాలి.

పాత సూటు కొంటే బొటనవేలితో నొక్కి చూడండి. వెంటనే పొంగితే బుడగలు బ్రతికి ఉన్నట్టు. గుంట అలాగే నిలిచినా, మడతల దగ్గర పగుళ్ళు కనిపించినా వదిలేయండి. జిప్పు పైనుంచి కింది దాకా రెండుసార్లు లాగి చూడండి. అన్నిటికన్నా మంచి బేరం ఇంకొకటి ఉంది. నేర్చుకునే రోజుల్లో అద్దెకు తీసుకోవడం. పది మునకలు వేశాక చలి తనకు ఏపాటిదో ఎవరికి వారికే తెలుస్తుంది. కొన్న తరువాత మంచినీటితో కడిగి, నీడలో, వెడల్పు భుజాల హ్యాంగరుకు తగిలించి ఆరబెడితే సూటు ఏళ్ళ తరబడి మన్నుతుంది. మడతపెట్టి ఇనప్పెట్టెలో దాచితే రెండేళ్ళకే ముసలిదవుతుంది.

* * *

ధర అన్నప్పుడు మరో మాట దాటవేయలేను. చీటీ మీద రాయని ధర కూడా ఒకటుంది. అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున, లూయిజియానాలోని లాప్లాస్ దగ్గర నియోప్రీన్ కర్మాగారం ఒకటి దశాబ్దాలు నడిచింది. దాని ముడిసరుకు క్లోరోప్రీన్ మనుషులకు క్యాన్సరు తెచ్చే అవకాశం ఉన్న పదార్థమని అక్కడి పర్యావరణ సంస్థ 2010లో తేల్చింది. చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా నల్లజాతివారి ఇళ్ళు. డూపాంట్ నుంచి 2015లో దాన్ని కొన్న జపాను సంస్థ డెంకా, 2025 మేలో అక్కడ ఉత్పత్తిని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. సున్నపురాయి నుంచి చేసిన నియోప్రీన్ అంటూ కొందరు పర్యావరణం పేరుతో అమ్ముతారు. రాయి నుంచి వచ్చినా, చమురు నుంచి వచ్చినా మధ్యలో ఆ క్లోరోప్రీన్ తప్పదు. 2016 నుంచి పటగోనియా వంటి సంస్థలు సహజ రబ్బరుతో సూట్లు చేస్తున్నాయి. వాటి ధర ఇంకా ఎక్కువే. కొనలేనివారు ఉన్న సూటును పదేళ్ళు కాపాడుకోవడం కూడా మంచి పనే.

మేనల్లుడు చివరకు అద్దె సూటుతోనే నేర్చుకున్నాడు. ఆ తరువాత ఫ్లాట్‌లాక్ కుట్టు ఉన్న 3 మి.మీ. సూటు ఒకటి కొన్నాడు. వాడు చూపిన నాలుగింటిలో అది చివరి నుంచి రెండవది.

సూటు తెచ్చిన రోజు దాన్ని నా చేతికి ఇచ్చాడు. పట్టుకుని చూస్తే ఏటిగట్టు పెద్దాయనే గుర్తుకు వచ్చాడు. ఇలాంటిది ఆయనకు ఇచ్చి ఉంటే అనుకున్నాను. ఆలోచిస్తే అదీ అంత తేలిక కాదు. ఊపిరి బిగబట్టి దిగేవాణ్ణి ఈ తొడుగు పైకి తేలుస్తుంది, అడుగుకు చేరడానికి నడుముకు బరువు కట్టుకోవాలి, ప్రవాహంలో ఆ బరువే ప్రాణం మీదికి తేవచ్చు. నౌకాదళపు ఈతగాడి చలి గురించి ఒక శాస్త్రజ్ఞుడు కూర్చుని ఆలోచించాడు. అలల మీద ఆడుకునేవారి చలి గురించి వ్యాపారులు ఆలోచించారు. ఇసుక కోసం రోజుకు వందసార్లు మునిగేవాడి చలి గురించి కూర్చుని ఆలోచించినవారు ఉన్నట్టు నా చదువులో ఎక్కడా తగలలేదు. మన ఇళ్ళ గోడల్లో ఆ ఇసుక ఉంది.